కొయ్యకూడని కాయ

"కొయ్యం బాబూ. ఎన్నిసార్లు అడిగినా అదే మాట," అన్నాడు కోతల మేస్త్రి, తుండుతో మెడ తుడుచుకుంటూ.

లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. పొద్దుటే దాని వెనక తలుపు దించి లోపల మెత్తగా గడ్డి పరిచారు. ఇంతవరకూ ఒక్క పుచ్చకాయ ఎక్కలేదు. కోతకి వచ్చినవాళ్లంతా గట్టు మీద వరసగా కూర్చుని, కొడవళ్లు ఒళ్లో పెట్టుకుని, తోట వైపు తప్ప మిగతా దిక్కులన్నీ చూస్తున్నారు.

ఇంటి చిన్నకొడుకు వసారాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నిదానం అన్నది అతనికి పుట్టుకతోనే లేదు. విత్తనం వేసిన మర్నాడే మొలిచిందా అని మట్టి తవ్వి చూసే రకం.

"కాయ పండింది. తొడిమ పక్కన నులితీగ ఎండిపోయింది. ఇంకొన్నాళ్లు ఉంచితే లోపల గుజ్జంతా నీరవుతుంది. ఆ మాత్రం మీకు తెలీదా?"

"తెలిసే వచ్చాం. వచ్చాక చూశాం," మేస్త్రి గొంతు తగ్గించాడు. "ఈ ఇంటి పద్ధతి మీకు నేను చెప్పాలా? గీత పెట్టిన చెయ్యే కొయ్యాలి. ఏటా మడికి ఒకటో రెండో ఉండేవి. వాటిని వదిలేసి మిగతావి కోసుకుపోయేవాళ్లం. ఇప్పుడు చూస్తే వరసకి వరస గీతలే. పెట్టినాయన్ని రమ్మనండి. ఆయన కోస్తే మేం మోస్తాం."

చిన్నకొడుకు తిరగడం ఆపాడు.

ఆ గీత పెట్టేవాడు ఒక్కడే. పెద్దకొడుకు. విత్తనానికి ఉంచుకోదలిచిన కాయని, అది నిమ్మకాయంత పిందెగా ఉండగానే ఎంచి, బొటనవేలి గోరు గుచ్చి చిన్న తోక లాగేవాడు. పిందె మీద అది కనపడీ కనపడనంత గాటు. కాయ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. పండే వేళకి అరచేయంతయి, మానిన గాయం మచ్చలా గరుకుగా తేలుతుంది. ఆ కాయ తీగ మీదే ఎండాలి. గీసినవాడే దాన్ని కొయ్యాలి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పెద్దకొడుకుకి వచ్చిన పద్ధతి అది.

ఆ పెద్దకొడుకు ఉల్లి పీకిన రోజుల్లో పొలంలోకి వెళ్లి మళ్లీ రాలేదు. అతని పార గట్టు మీద గుచ్చి నిలబెట్టి ఉంది. మనిషి లేడు. కాలవలు వెతికారు, బావులు వెతికారు, ఆసుపత్రులు తిరిగారు. పుచ్చ గింజలు వేసింది ఆ తరవాతే.

అతను వెళ్లాక మొలిచిన తీగలకి, అతను చూడని పిందెలకి, అతని గీత ఎలా వచ్చింది?

తోటలోకి వెళ్లడానికి వెనకాడుతున్నవాళ్లని పిరికివాళ్లు అనడం సులువే. పట్టపగలు, ఎండలో, ఆకుల మధ్య నుంచి అన్ని మచ్చలు ఒక్కసారి పైకి చూస్తుంటే ఎవరి ధైర్యం ఎంతో తెలుస్తుంది.

"ట్రాక్టర్ తెస్తున్నా," అన్నాడు చిన్నకొడుకు. "తీగల్నీ కాయల్నీ కలిపి దున్నేస్తా. పీడ వదులుతుంది."

"దున్ను," అంది గుమ్మంలో నిలబడిన పెద్దకోడలు. "ముందు నా మీంచి పోనిచ్చి, ఆ తరవాత తోటలోకి పోనియ్యి."

"వదినా, నువ్వు కూడా అలా మాట్లాడితే ఎలా?"

"ఎలా మాట్లాడమంటావ్? ఆయన గీత అది. ఆయన వచ్చి వెళుతున్నాడు. ఎక్కడో ఉన్నాడు. ఆ సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే కావాలా?"

"వచ్చేవాడు ఇంట్లోకి రాడా? మనిషైతే గుమ్మం ఎక్కి రాడా?"

"మనిషైతే?" ఆమె గుమ్మం దిగి ముందుకొచ్చింది. "ఏం మాటది?"

చిన్నకొడుకు తల తిప్పుకున్నాడు. నోరు జారాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో అతనికి ఎప్పుడూ తెలియదు.

వసారా చివర బల్ల మీద పెద్దకోడలి అన్న కూర్చుని ఉన్నాడు. దర్జీ. కొలత టేపు మెడలో వేసుకునే వచ్చాడు, తీసి రావడం మరిచిపోయాడు. ఆయన వచ్చింది చెల్లెల్ని తీసుకెళ్లడానికి. వ్యాను మాట్లాడుకుని మరీ వచ్చాడు. ఆమె పెట్టె ఉదయమే సర్దించాడు కూడా. ఆ పెట్టె గుమ్మం పక్కనే, ఎవరూ ముట్టకుండా ఉంది.

"చెల్లీ, మనం అనుకున్నదేమిటి?" అన్నాడు నెమ్మదిగా. "తోట కోత అయ్యేదాకా ఉంటానన్నావు. సరే అన్నాను. ఇప్పుడు కోతే లేదంటున్నారు. ఇలా ఎన్నాళ్లు?"

"ఆయన వచ్చి కోసేదాకా."

"వస్తాడనే?"

"గీతలు చూశావుగా అన్నయ్యా!"

అన్న టేపు కొసని వేలికి చుట్టుకున్నాడు. చెల్లెలు ఆ మచ్చల్ని పట్టుకుని వేలాడుతోందని ఆయనకి తెలుసు. అవి లేకపోతే ఆమె ఎప్పుడో ఏడ్చి, తేరుకుని, ఆయనతో వచ్చేసేది. అవి ఉన్నంతకాలం ఆమె ఏడవదు, తేరుకోదు, కదలదు.

* * *

ఆమె వెనకవైపు ఉల్లి కొట్లోకి వెళ్లింది. కోపం వచ్చినప్పుడు ఆమె చేరే చోటు అదే. చీకటిగా, చల్లగా, ఘాటుగా ఉంటుంది. కళ్లు చెమ్మగిల్లితే ఎందుకని ఎవరూ అడగరు.

చలికాలమంతా ఉల్లి, ఎండాకాలమంతా పుచ్చ. ఆ ఇంటికి ఏడాదంటే ఆ రెండే. ఉల్లి నారు వంగి వంగి నాటి నడుములు పోగొట్టుకోవడం, ఆకు పడిపోయి మెడ మెత్తబడ్డాక పీకి ఆరబెట్టడం, కొట్లో బద్దల మంచెల మీద పల్చగా పరచడం. ఆ పొట్టు కూడా పారేసేవాళ్లు కాదు. గంపలకెత్తి ఉంచి, పుచ్చకాయ పెరిగేటప్పుడు నేల తగలకుండా కిందకి తోసేవాళ్లు. పుచ్చతోటలో గాలి వీస్తే అందుకే గలగలమని ఉల్లిపొట్టు చప్పుడవుతుంది. కొత్తవాళ్లు ఎవరో నడుస్తున్నారనుకుని వెనక్కి చూస్తారు.

ఈ ఏడు మంచెలు సగం ఖాళీ. మిగిలిన గడ్డల్లో సగం మెత్తబడ్డాయి. పీకే ముందు నీళ్లు పెట్టొద్దని పెద్దవాడు చెప్పాడు. గడ్డ ఊరుతుందని చిన్నవాడు చాటుగా పెట్టాడు. ఊరిన గడ్డలు బయటికి నిగనిగలాడుతూనే లోపల కుళ్లాయి. అన్నదమ్ములు ఆ కొట్లోనే అరుచుకున్నారు. పెద్దవాడు పార తీసుకుని బయటికి వెళ్లాడు. అదే వెళ్లడం.

కుళ్లని గడ్డలు మొలకలేశాయి. చీకట్లో తెల్లగా, పొడుగ్గా. అన్నీ ఒకే వైపుకి వంగి ఉన్నాయి, తోట వైపున్న కిటికీకేసి. వెలుతురు అటు నుంచే వస్తుంది కాబట్టి అలా వంగుతాయని ఆమెకి తెలుసు. అయినా వాటికేసి ఎక్కువసేపు చూడలేకపోయింది.

కిటికీ కింద గోనెసంచి మీద ఒక పుచ్చకాయ ఉంది. ఆమెకి దొరికిన మొదటి గీతకాయ అది. తీగ దానంతట అదే ఎండి ఊడిపోతే ఎత్తుకొచ్చి ఇక్కడ దాచుకుంది. కోసింది కాదు కాబట్టి తప్పు లేదని తనకి తానే చెప్పుకుంది. ఆమె పక్కన కూర్చుని ఆ మచ్చ మీద వేలు పెట్టింది.

అప్పుడు వినిపించింది.

టప్, టప్. కాస్త ఆగి, టప్.

పండిన కాయని వేలితో తట్టి చూసే చప్పుడు. ఆయన అలాగే తట్టేవాడు. రెండు తట్లు, తల పక్కకి వంచి వినడం, మళ్లీ ఒకటి. "ఏం చెప్పిందేమిటి?" అని ఆమె వెక్కిరిస్తే, "నీలాగే మూతి ముడుచుకుంది, ఇంకా టైముంది" అనేవాడు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. తోటలో ఎవరూ లేరు. ఎండ నిలువునా పడుతోంది. ఆకులు వాడి వేలాడుతున్నాయి. గట్టు మీద కోతవాళ్లు లేచి నిలబడి ఉన్నారు, అందరూ. వాళ్లూ విన్నారు.

"కాయ పగిలిందేమోలే, ఎండకి," అన్నాడు ఒకడు.

"పగిలితే ఒకసారి పగులుతుంది," అన్నాడు మేస్త్రి. "మూడుసార్లా?"

* * *

ఆమె ఆ కాయని చంకనెత్తుకుని వసారాలోకి వచ్చింది. అన్న ముందున్న బల్ల మీద పెట్టింది.

"చూడు. దగ్గరగా చూడు. ఇది ఆయన గీత కాదని నీ నోటితో చెప్పు, ఇప్పుడే పెట్టె తీసుకుని నీ వెనకే వస్తాను."

"ప్రమాణం చేస్తావా?"

"చేశాననుకో."

దర్జీ జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. కాయని తొడిమ పైకి వచ్చేలా తిప్పాడు. జాకెట్టుకి కుట్టు సరిపోయిందా అని చూసినట్టు మచ్చ చుట్టూ వేలు నడిపించాడు. చాలాసేపు చూశాడు. తరవాత లేచి, మెట్లు దిగి, తోటలోకి నడిచాడు. గట్టు మీదవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. మొదటి వరసలోకి దిగి ఒక కాయ దగ్గర వంగాడు, ఇంకోటి, ఇంకోటి. ఉల్లిపొట్టు ఆయన కాళ్ల కింద నలిగింది.

తిరిగి వచ్చేసరికి మొహం మారింది.

"మీ ఆయన నా కొట్టుకి వచ్చినప్పుడల్లా కత్తెర తీసుకుని ఆడేవాడు, గుర్తుందా? గుడ్డ తెగేది కాదు, నలిగిపోయేది. ఎందుకు?"

"పుర్రచెయ్యి కదా," అందామె. "ఎడమచేతివాటం వాడికి నీ కత్తెర పనికిరాదని నువ్వే నవ్వేవాడివి."

"గోరు గుచ్చి తోక లాగితే చెయ్యి బయటికి పోతుంది. ఎడమచెయ్యి ఎడమకి పోతుంది. కుడిచెయ్యి కుడికి." ఆయన గొంతు జాలిగా ఉంది. "ఆ తోటలో నేను చూసిన ప్రతి కాయా తొడిమ పైకి పెట్టి చూశాను చెల్లీ. అన్ని తోకలూ కుడికే ఉన్నాయి."

ఆమె అర్థం కానట్టు నిలబడింది. ఇన్నాళ్లూ గీత ఉందా లేదా అని వరస వరసా చూసుకుంది గానీ ఎటు తిరిగి ఉందో చూడలేదు. ఆశపడ్డవాళ్లకి అంత తీరిక ఉండదు.

"అయితే ఎవరు?" అంది.

చిన్నకొడుకు ముందుకొచ్చాడు. "నావైపు చూడొద్దు. నాకు ఆ గీత పెట్టడమే రాదు. అన్న నేర్పుతానన్నా నేర్చుకోలేదు."

"రాదని తెలుసు," అన్నాడు దర్జీ. "వచ్చినవాళ్లు ఎవరా అనే చూస్తున్నా."

ఆయన చూపు వసారా అంతా తిరిగింది.

గోడకి ఆనుకుని పీట మీద కూర్చున్న ముసలావిడ, ఆ ఇంటి అత్తగారు, కుడిచేతిని కొంగు కిందకి లాక్కుంది.

అందరూ చూశారు.

"అత్తయ్యా," అంది పెద్దకోడలు. దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. కొంగు తొలగించి ఆ చెయ్యి పట్టుకుంది. బొటనవేలి గోరు చివర నల్లగా, పుచ్చపిందెల రసానికి పట్టిన మరక. కడిగినా పోలేదు.

"వాడికి నేర్పింది నేనే కదమ్మాయ్," అంది ముసలావిడ. "మీ మామగారికి కళ్లు కనపడనప్పుడు నేనే పెట్టేదాన్ని."

"ఎందుకు?"

"మధ్యాహ్నం మీరంతా కునుకు తీస్తారుగా. అప్పుడు వెళ్లేదాన్ని. కర్ర పట్టుకుని నెమ్మదిగా."

"ఎప్పుడని అడగలేదు. ఎందుకని అడిగాను."

"గీతలుంటే కొయ్యరు. కొయ్యకపోతే నువ్వు వెళ్లవు. వాడొచ్చేసరికి ఇంట్లో నువ్వుండాలి కదా. నువ్వు లేని ఇంట్లోకి వాడెందుకొస్తాడు? నా మొహం చూసుకోవడానికా?"

పెద్దకోడలు ఆ చెయ్యి వదిలేసింది.

"నేను రోజూ వెళ్లి ఆ గీతల మీద చెయ్యి వేసేదాన్ని," అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఇవాళ కొత్తది దొరికిందత్తయ్యా అని మీకే వచ్చి చెప్పేదాన్ని. మీరు 'అవునా తల్లీ' అనేవారు. ఎలా అన్నారా మాట?"

"నీ మొహంలో వెలుగు చూసి అన్నాను. ఆ వెలుగు చూసి నేనూ నమ్మేదాన్ని. నేను గీసిందేనని మరిచిపోయేదాన్ని అమ్మాయ్, నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టు వెయ్యకండి."

ముసలావిడ తల దించుకుంది. ఎవరూ అడగకుండానే, "ఆ చప్పుడు మాత్రం నాది కాదు," అంది.

ఎవరూ పట్టించుకోలేదు.

చిన్నకొడుకు మెట్ల మీద కూలబడ్డాడు. అతను ఏడుస్తున్నాడని ముందు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అతను ఏడవడం ఎవరూ చూసి ఉండలేదు.

"పోతే పో అన్నాను వదినా," అన్నాడు. "ఆ రోజు కొట్లో. 'పొలం నీ ఒక్కడిదా, అంత కష్టంగా ఉంటే పోతే పో' అన్నాను. పార తీసుకుని వెళ్లాడు. అన్న బతికుండి రాలేదంటే నా మొహం చూడటం ఇష్టం లేకే కదా. చచ్చిపోయాడనుకుంటేనే నాకు కాస్త నిద్ర పడుతోంది. అందుకే ఆ గీతలు చూడలేకపోయాను. దున్నేస్తానంది అందుకే."

ఆమె మరిది తల మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక, ఆగిపోయింది. తల్లి ఆశ కోసం అబద్ధం ఆడింది, కొడుకు నిద్ర కోసం చావు కోరుకున్నాడు. ఇద్దరి మధ్యా తను పిచ్చిదానిలా కాయల చుట్టూ తిరిగింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. తెలియకపోవడం వల్ల మొత్తం కోపం తన మీదికే మళ్లింది.

"మాటిచ్చాను కదా అన్నయ్యా," అంది లేచి. "వస్తాను. కోత అయ్యాక."

"కోతా?"

"అత్తయ్య గీసింది అత్తయ్యే కొయ్యాలి. ఇన్ని కాయలు ఒక్కపూటలో ఆవిడ వల్ల కాదు కాబట్టి ఆవిడ బదులు నేను కోస్తాను. ఇందులో పద్ధతి తప్పిందేమీ లేదు. ఏమంటారు మేస్త్రిగారూ?"

మేస్త్రి గట్టు దిగి దగ్గరికొచ్చాడు. జరిగిందంతా విన్నాడు. తల గోక్కున్నాడు. "పెద్దమ్మగారి చెయ్యే అయితే మాకు భయమేముంది? మొదటి వరస మీరు మొదలెట్టండమ్మా. వెనకే వస్తాం."

"వద్దమ్మాయ్," అంది ముసలావిడ గోడ పట్టుకుని లేస్తూ. "ఇవాళ్టికి వద్దు."

పెద్దకోడలు వెనక్కి తిరగలేదు. గుమ్మం పక్క మేకుకి వేలాడుతున్న కత్తి తీసుకుని తోటలోకి దిగింది.

* * *

మొదటి కాయ కొయ్యడమే కష్టమయింది. తొడిమ మీద కత్తి పెట్టి అలాగే కూర్చుంది. గీత మీదే చూపు. తోక కుడికి. ఆయన చెయ్యి కాదు. కాదు కాదు అని లోపల అనుకుంటూ కోసింది. తొడిమ తెగిన చోట నీటిబొట్టు ఊరింది.

రెండో కాయకి అంత కష్టం కాలేదు. మూడో వరసకి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే పోతోంది. కాయ పట్టుకోవడం, తొడిమ పైకి తిప్పడం, తోక ఎటో చూడటం, కొయ్యడం. కుడికి, కుడికి, కుడికి. ఒక్కొక్కటీ కోసినప్పుడల్లా లోపల ఏదో ఒకటి తగ్గుతోంది. ఏడుపు రాలేదు. ఎండకి కళ్లు మండుతున్నాయి, అంతే.

వెనక కోతవాళ్లు చేతులు మారుస్తూ కాయలు లారీకి చేరవేస్తున్నారు. మొదట గుసగుసగా, తరవాత మామూలుగా, ఆ తరవాత నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. మనిషి పెట్టిన గీత అని తెలిశాక తోట మామూలు తోట అయిపోయింది. మరిది కూడా కళ్లు తుడుచుకుని వచ్చి లారీ ఎక్కి కాయలు సర్దుతున్నాడు. ముసలావిడ వసారా మెట్టు మీద కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. అన్న వ్యాను డ్రైవరుతో మాట్లాడుతున్నాడు. గుమ్మం పక్కన పెట్టె ఇప్పుడు లేదు. వ్యానులో ఎక్కించేసినట్టున్నాడు.

పొద్దు పడమటికి వాలింది. తోట ఖాళీ అయింది. తీగలు మాత్రం నేలకి అంటుకుని ఉన్నాయి. కాయలున్న చోటల్లా గుండ్రంగా ఉల్లిపొట్టు మిగిలింది.

"అమ్మా, అయిపోయినట్టే," అన్నాడు మేస్త్రి. "కాలవ అవతల ఆ చిన్న మడి ఉంది. అందులో ఏమీ లేదు కదా?"

"ఆలస్యంగా వేసింది. పిందెలే. ఒకసారి చూసి వస్తాను."

మరిది చాటుగా నీళ్లు పెట్టింది ఆ మడికే. పార దొరికింది ఆ గట్టు మీదే. మిగిలిన గుప్పెడు గింజలు ఆమె చేతులతో ఆమే అక్కడ వేసింది, ఎందుకో తెలియకుండానే. కాలవ దాటాలంటే ఒక్క చెక్క. దాని మీద నడవడం ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లలో ఆమెకీ మరిదికీ తప్ప ఎవరికీ రాదు. ముసలావిడ మోకాళ్లకి అది కలలో కూడా కుదరదు.

ఆమె చెక్క దాటింది.

ఇక్కడ గాలి లేదు. అయినా పొట్టు గలగలమంది, ఒక్కసారి, మడి అవతలి కొసన. ఆమె ఆగింది. తొండ అయుంటుందనుకుంది. తొండ అయుండాలనుకుంది.

ఆకులు పక్కకి తీస్తూ నడిచింది. పిందెలు నిమ్మకాయంత ఉన్నాయి, నూగు ఇంకా రాలలేదు. ఏ పిందె మీదా గీత లేదు. ఆమె నిట్టూర్చింది. అది తేలికో నిరాశో ఆమెకే తెలియలేదు. ఇక వెళ్లిపోవచ్చు. వ్యాను ఎక్కి, అన్న కొట్టు వెనక గదిలో, మిషను చప్పుడు వింటూ, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా బతకొచ్చు.

చివరి తీగ కింద ఒక పిందెకి పొట్టు పరిచి ఉంది.

ఆమె పరచలేదు. ఈ మడికి ఇంకా పొట్టు తేనేలేదు.

మోకాళ్ల మీద కూర్చుని పిందెని మెల్లగా, తీగ తెగకుండా, తొడిమ పైకి వచ్చేలా తిప్పింది. గోటిగాటు, దాని కొసన చిన్న తోక. ఎడమకి.

గాటులోంచి రసం ఇంకా ఊరుతోంది. ఆమె వేలు పెట్టి చూసింది. తడి. వేలి చివర బొట్టు నిలిచింది.

తల తిప్పి ఇంటివైపు చూసింది. లారీ మీద మరిది తాడు బిగిస్తున్నాడు. మెట్టు మీద అత్తగారు. వ్యాను దగ్గర అన్న. గట్టు మీద మేస్త్రి, అతని మనుషులు, అందరూ. అందరూ అటే ఉన్నారు. ఇటు ఆమె తప్ప ఎవరూ లేరు. మడి అవతల ఎండిన కంచె, దాని వెనక ఎవరి పొలమో, అందులో ఏపుగా పెరిగిన గడ్డి.

గడ్డి కదలడం లేదు. మరీ కదలడం లేదు.

ఆయన పేరు పెట్టి పిలుద్దామనుకుంది. పిలిస్తే లేచి నిలబడేది ఎవరో, ఏమిటో, ఆమెకి ఒక్కసారిగా తెలుసుకోవాలనిపించలేదు. తెలుసుకోకుండా వెళ్లాలనీ అనిపించలేదు.

"చెల్లీ!" అని అన్న కేక. "పొద్దుపోతోంది. అయిపోయిందా?"

"ఒకటి మిగిలింది అన్నయ్యా!"

"కోసేసి రా మరి, వ్యాను ఆగదు!"

ఆమె కత్తి నేల మీద పెట్టింది. వేలి చివరి బొట్టు ఆరకుండా గుప్పిట మూసుకుంది.

"పెట్టె దించెయ్ అన్నయ్యా," అంది, గడ్డివైపు నుంచి చూపు తిప్పకుండానే. "ఇది నేను కొయ్యకూడదు."